పోటీ పరీక్షల ప్రత్యేకం: కారని చెత్త సంచి

హైదరాబాద్‌లో మలక్‌పేట మార్కెట్ అనగానే ఉల్లిగడ్డలు. కుళ్లిన ఉల్లి, మిగిలిన పులుసు ఒకే సంచిలో పడితే మెట్ల మీద ధారే! దీనికి మందు సంచి అడుగున పీల్చే పొర. అందులో పనిచేసేది సోడియం పాలీయాక్రిలేట్, పిల్లల డైపర్లలో ఉండే పొడే. గొలుసుల్లాంటి అణువుల మధ్యకు ద్రవాభిసరణ వల్ల నీరు చేరి, పొడి జెల్‌గా మారుతుంది. శుద్ధజలాన్ని తన బరువుకు వందల రెట్లు పీలుస్తుంది. ఉప్పు నీటిని మాత్రం చాలా తక్కువ. ఎందుకని? బయటి ద్రవంలోనూ అయాన్లు ఉండటంతో లోపలికి లాగే పీడనం తగ్గుతుంది. పరీక్షలో మెలిక పెట్టదగ్గ చోటు ఇదే. మన పులుసులో ఉప్పుకేం తక్కువ!

ఇలాంటి అతిశోషక పాలిమర్లపై 1960ల్లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధించింది, నేలలో తేమ నిలపడానికి. పాలిథిన్ చెత్త సంచి 1950లో కెనడాలో పుట్టింది. రూపకర్త హ్యారీ వాసిలిక్.

సోడియం పాలీయాక్రిలేట్ పొడి తేలిగ్గా కుళ్లదు, కంపోస్టుకు చేటు. దాని బదులు సంచి అడుగున పాత న్యూస్‌పేపర్ మడత, కొబ్బరి పొట్టు నయం.

గుర్తుంచుకోండి: తడి చెత్తకు ఆకుపచ్చ బుట్ట, పొడి చెత్తకు నీలం. చెత్త నుంచి ఊరే మురుగు ద్రవం లీచేట్. నగరంలో దీనికి పేరుపడ్డది జవహర్‌నగర్ డంపింగ్ యార్డు.