స్ప్రింగుకు కిలోమీటర్ల లెక్క లేదు

ప్రశ్న: మాది కడప. పాత ఎస్టీమ్‌కు ఎక్కువ లిఫ్ట్ ఉన్న క్యామ్ వేయించి, శ్రీపెరుంబుదూరు దగ్గరి రేస్ ట్రాక్‌కు తీసుకెళ్తుంటాను. వాల్వ్ స్ప్రింగులు ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

జవాబు: కిలోమీటర్ల లెక్క కంపెనీ ఇంజిన్‌కు సరిపోతుంది. మీ బండి విషయంలో చూడాల్సింది ఎంత ఆర్‌పీఎంలో ఎంతసేపు తిరిగిందన్నది. 7,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో వాల్వు నిమిషానికి 3,500 సార్లు తెరుచుకుంటుంది. లిఫ్ట్ పెరిగింది కాబట్టి ప్రతిసారీ స్ప్రింగు ఇంకాస్త నలుగుతుంది. దాని బలం తగ్గితే వాల్వు క్యామ్ వెంట రాదు, తేలిపోతుంది. పిస్టన్‌కు తగిలిందా, హెడ్డు విప్పాల్సిందే.

కొత్తవి బిగించే రోజే ఒక్కోదాని సీటు ప్రెషర్ కొలిపించి రాసిపెట్టుకోండి. తర్వాత పది శాతం దాకా తగ్గితే సెట్టు మొత్తం మార్చండి, ఒకటీ అరా కాదు. పూర్తి లిఫ్ట్‌లో చుట్లు ఒకదానికొకటి ఆనకూడదు. ఇది చూడకుండా క్యామ్ వేసే మెకానిక్‌ను నేనైతే నమ్మను. పట్టుకారు గీత పడిన స్ప్రింగు వాడొద్దు, పగులు అక్కడే మొదలవుతుంది.

స్ప్రింగు వేడిని ముఖ్యంగా లాక్కెళ్లేది ఇంజిన్ ఆయిలే. కడప, కర్నూలు ఎండల్లో లెవెల్ తగ్గనివ్వకండి. దుమ్ము ఎక్కువ కాబట్టి ఎయిర్ ఫిల్టర్ తీసేసి నడపొద్దు. ఇంకో మాట: పొరపాటున కింది గేరు పడితే రెవ్ లిమిటర్ కాపాడలేదు. అలా జరిగితే తర్వాతి ల్యాప్‌కు వెళ్లకుండా స్ప్రింగులు చూపించండి.

రోడ్డు మీదైతే బండిలో చేసే మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సంగతీ చూసుకోండి.