విజయనగరం పాత వీధుల్లో ఒక రోజు

విహారయాత్ర అనగానే మనకు అరకు లోయో, విశాఖ బీచో గుర్తుకొస్తాయి. ఈ జనవరిలో సంక్రాంతి సెలవులకు ముందు వచ్చిన శనివారం వార్డెన్ మాస్టారు మమ్మల్ని విజయనగరం తీసుకెళ్తామన్నప్పుడు నిజం చెప్పాలంటే మాకు కొంచెం నిరుత్సాహం కలిగింది. "అక్కడేటుంది మాస్టారూ చూడ్డానికి?" అని ఒకడు అడిగేశాడు కూడా. ఆయన నవ్వి, "ఊరు చూడ్డానికి కాదర్రా, ఊరు చదవడానికి వెళ్తున్నాం. నోటు పుస్తకాలు తెచ్చుకోండి" అన్నారు.

ఉదయాన్నే ఆమదాలవలస స్టేషనులో పాసింజరు ఎక్కాం. కిటికీ బయట మంచు తప్ప మరేమీ కనబడలేదు. పొందూరు, చీపురుపల్లి, నెల్లిమర్ల దాటి విజయనగరంలో దిగేసరికి పల్చగా ఎండ వచ్చింది. స్టేషను బయట మాస్టారు మా చేత రెండు ప్రశ్నలు రాయించారు. ఒకటి: ఈ తలుపు ఒకప్పుడు ఎవరి కోసం తెరిచేవారు? రెండు: ఇప్పుడు ఎవరి కోసం తెరిచి ఉంది? ప్రతి చోటా ఈ రెండింటికీ జవాబు వెతకమన్నారు.

అమ్మవారి గుళ్ళు

పైడితల్లి అమ్మవారికి విజయనగరంలో రెండు గుళ్ళున్నాయి. రైల్వేస్టేషను దగ్గర ఉన్నది వనంగుడి. మూడు లాంతర్ల కూడలిలో ఉన్నది చదురుగుడి. మేము రెండూ చూశాం.

అమ్మవారి కథ జనవరి నెలతోనే ముడిపడి ఉంది. 1757 జనవరి 24న బొబ్బిలి యుద్ధం జరిగింది. విజయనగరం రాజు పెద విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ సహాయంతో బొబ్బిలి కోటను ముట్టడించాడు. బొబ్బిలి నేలమట్టమైంది. తరువాత తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు మరణించాడు. ఆయన చెల్లెలే పైడితల్లి అనీ, యుద్ధం వద్దని అన్నకు చెప్పాలని బయలుదేరి, మరణవార్త విని ప్రాణం విడిచిందనీ, పెద్దచెరువులో విగ్రహంగా దొరికిందనీ జనం చెప్పుకుంటారు. గెలిచిన రాజుకు కాక, యుద్ధం వద్దన్న ఆడపడుచుకు ఈ ఊరు గుడి కట్టిందన్నమాట.

విజయదశమి తరువాత వచ్చే మంగళవారం సిరిమానోత్సవం జరుగుతుంది. పొడవైన చింతమాను చివర కట్టిన ఆసనం మీద పూజారి కూర్చుంటే, ఆ మాను చదురుగుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిరుగుతుంది. దాని ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. చేపలు పట్టే వల దేవత ఊరేగింపులో నడవడం మాకు ఎంతో నచ్చింది. పని చేసే వాళ్ళ పనిముట్టుకు అక్కడ గౌరవం ఉంది.

అన్ని గుళ్ళ కథా ఇలా ఉండేది కాదు. మాలో ఒకడు తన తాత చెప్పిన మాట చెప్పాడు. ఆ తాతగారి తండ్రి తమ ఊళ్ళో రథం లాగే రోజున దూరంగా చెట్టు కింద నిలబడే దండం పెట్టుకొనేవాడట. అప్పటికి మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. 1947లో వచ్చిన మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం గుడి తలుపులు అన్ని కులాల హిందువులకూ తెరిచింది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్నే రద్దు చేసింది. చదురుగుడి ముందు క్యూలో నిలబడినప్పుడు మేమెవరమూ మా కులం గురించి ఆలోచించలేదు. అలా ఆలోచించకుండా నిలబడగలగడానికి చాలామంది పోరాడారని మాస్టారు చెప్పాకే తెలిసింది.

కోట

1885లో కట్టిన గంటస్తంభం చూసుకుంటూ, తేగలు కొనుక్కుని తింటూ కోట దగ్గరకు నడిచాం. ఈ కోటకు 1713లో శంకుస్థాపన జరిగింది. విజయనామ సంవత్సరం, విజయదశమి, జయవారం అనే మంగళవారం, విజయరామరాజు, విజయనగరం ఇలా అయిదు విజయాలు కలిశాయని చెబుతారు. స్థలం చూపించింది మాత్రం మహబూబ్ వలీ అనే ఫకీరు అని ప్రసిద్ధి. హిందూ రాజు కోటకు ముస్లిం ఫకీరు చోటు చూపించాడన్నది చరిత్ర పుస్తకంలో ఎర్రగీత గీసి గుర్తుపెట్టుకోదగ్గ మాట.

నగారాఖానా అనే ప్రధాన ద్వారం ముందు మాలో చిన్నవాడు ఆగిపోయాడు. "మనల్ని లోపలికి రానిస్తారేటి?" అన్నాడు. వాడి గొంతులో భయం విని మాకు నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ ప్రశ్న మా అందరిలోనూ ఉంది. అప్పుడే పుస్తకాల సంచులతో కొందరు అక్కలు మమ్మల్ని దాటుకుని లోపలికి వెళ్ళారు. 1958లో పి.వి.జి. రాజు గారు మాన్సాస్ ట్రస్టు స్థాపించారు. ఈనాడు కోటలో ఆ ట్రస్టు విద్యాసంస్థలు నడుస్తున్నాయి. శత్రువు రాకుండా లేపిన గోడల మధ్య ఇప్పుడు పాఠాలు చెబుతున్నారు. చిన్నవాడు నోటు పుస్తకంలో రెండో ప్రశ్న కింద "చదువుకునే వాళ్ళ కోసం" అని రాసుకున్నాడు.

గురజాడ వారి ఇల్లు

గురజాడ అప్పారావు గారు (1862–1915) నివసించిన ఇల్లు నేడు స్మారక భవనం. కన్యాశుల్కం నాటకం 1892లో ఈ ఊళ్ళోనే మొదటిసారి ప్రదర్శించారు. 1897లో అచ్చయింది. ఆ రోజుల్లో ఆనంద గజపతి మహారాజు విశాఖపట్నం జిల్లాలో డబ్బుకు ఆడపిల్లల్ని ఇచ్చిన బ్రాహ్మణ వివాహాల జాబితా తయారు చేయించారు. మూడేళ్ళలో 1034 పెళ్ళిళ్ళు లెక్కకొచ్చాయి. వారిలో అయిదేళ్ళలోపు పసిపిల్లలు కూడా ఉన్నారు. గురజాడ వారు ఈ లెక్కను నాటకం పీఠికలో ప్రస్తావించారు. కోపం ఒక్కటే చాలదు, లెక్క కూడా కావాలి అని మాకు అర్థమైంది. మాల పిల్లను రాజు ప్రేమించిన కలను 'లవణరాజు కల' అనే కవితలో రాసి, పుట్టుకను బట్టి మనిషిని కొలవడాన్ని ప్రశ్నించింది కూడా ఆయనే.

సంగీత కళాశాల

చివరగా మహారాజా సంగీత కళాశాల. 1919లో ప్రారంభమైంది. మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. తరువాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. పి. సుశీల గారు, ఘంటసాల గారు ఇక్కడే చదివారు.

కృష్ణా జిల్లా నుంచి కుర్రవాడైన ఘంటసాల ఉంగరం అమ్ముకుని ఇక్కడికి వచ్చారు. అన్నానికి దారిలేక మధూకరం చేశారు. మధూకరం అంటే జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి అన్నం తెచ్చుకుని తినడం. ఈ వీధుల్లో తిరిగిన ఆ జోలే తెలుగు వాళ్ళకు అంతటి గొంతును ఇచ్చింది.

అక్కడి మెట్ల మీద కూర్చుని హాస్టల్ నుంచి కట్టించుకొచ్చిన పులిహోర తింటుంటే మాస్టారు అడిగారు: "ఆ కాలంలో మన పేటల నుంచి ఒక కుర్రాడు చదువుకోడానికి ఇక్కడికి వచ్చుంటే, ఏ గడప ముందు జోలె పట్టేవాడు?" కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. వారాలు, మధూకరం ఎక్కువగా బ్రాహ్మణ విద్యార్థులకే దొరికేవి. మనవాళ్ళను చాలా ఇళ్ళు గడప దాకా కూడా రానిచ్చేవి కావు. మనకు ఆ గడప లేదు కాబట్టే హాస్టల్ వచ్చింది. పప్పు నీళ్ళగా ఉందని, అన్నం ముద్దయిందని మనం రోజూ విసుక్కునే ఈ కంచం ఎవరి దయా కాదు, మన హక్కు. హక్కు కాబట్టి పప్పు చిక్కగా ఉండాలని అడగవచ్చు. హక్కు కాబట్టే దాన్ని వృథా చేయకూడదు.

తమ్ముళ్ళకు ఒక మాట

ఊరు చదవడానికి టిక్కెట్టు అక్కర్లేదు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఊళ్ళో ఈ పనులు చేయండి.

1. పాత గుడి, చెరువు, బడి ఎప్పుడు కట్టారో, ఎవరు రాళ్ళు మోశారో పెద్దల్ని అడగండి.

2. వీధుల పేర్లు, పేటల పేర్లు రాసుకోండి. ఎవరిల్లు ఊరి మధ్యన ఉందో, ఎవరిది చివర ఉందో బొమ్మ గీయండి.

3. మీ తాతమ్మ, తాతలు ఎక్కడికి వెళ్ళలేకపోయారో అడగండి. సిగ్గుపడకుండా రాయండి.

4. అక్కడికి ఇప్పుడు మీరు వెళ్ళగలుగుతున్నారా? లేకపోతే అదీ రాయండి.

ఈ హాస్టల్లో చదువుకుని ఉద్యోగాల్లో ఉన్న అన్నలకు మా మనవి: మీ కాలంలో మీ ముందు మూసుకున్న తలుపు ఏది, తెరుచుకున్నది ఏది? ఒక పేజీ రాసి పంపండి. వచ్చే సంచికలో వేసుకుంటాం.

సాయంత్రం పాసింజరులో తిరిగి వచ్చాం. చలికి అందరం ఒకే దుప్పటి కప్పుకున్నాం. చిన్నవాడు మాత్రం నోటు పుస్తకం తెరిచి ఇంకా ఏదో రాస్తూనే ఉన్నాడు.