ముందు తాళంచెవి, తర్వాతే తుపాకి

మొన్న రాత్రి చెల్లెలి వరసైన పిల్ల ఫోన్ చేసి, "అక్కా, తుపాకి లైసెన్సుకి ఎక్కడ పెట్టుకోవాలి?" అంది. పప్పుకి పోపు వేస్తున్నదాన్ని, గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

దాని ఆయన మస్కట్‌లో ఉంటాడు. మామిడితోటలో ఇల్లు. ఇద్దరు పిల్లలు, వయసు మళ్ళిన అత్తగారు. పోయిన వారం ఎవరో మోటారు వైరు కోసుకుపోయారట. అప్పట్నుంచి ఆకు కదిలినా లేచి కూర్చుంటోంది. నాకు నవ్వు రాలేదండీ. తలుపు గడియ మూడుసార్లు చూసుకున్న రాత్రులు మనకి మాత్రం లేవూ?

భయపడినందుకు మనల్ని మనం తిట్టుకోవద్దు. దాన్ని కాగితం మీద పెడదాం. ఏం జరిగింది, ఎప్పుడు, ఎవరి వల్ల? దరఖాస్తులో అసలు ప్రశ్న కూడా అదే: నీకు తుపాకి ఎందుకమ్మా? మన దేశంలో ఆయుధం హక్కు కాదు, 1959 నాటి చట్టం కింద అడిగి తెచ్చుకునే అనుమతి. "ఊరికే, ధైర్యానికి" అంటే చెల్లదు. ఇంతకీ వైరు పోయినట్టు స్టేషన్లో కంప్లైంట్ ఇచ్చావా అంటే, మన పిల్ల ఇవ్వనే లేదు! రేపు పొద్దున్నే వెళ్ళు, కాపీ తెచ్చుకుని దాచుకో అన్నాను.

ఇక కాగితాల సంగతి. కంగారేం లేదు, పిల్లల స్కూలు అడ్మిషన్లు చేయించిన చేతులే కదా మనవి! 21 ఏళ్ళు నిండి ఉండాలి. జిల్లాల్లో కలెక్టరుగారు, హైదరాబాదు లాంటి చోట్ల పోలీసు కమిషనరు లైసెన్సు ఇస్తారు. ఎ-1 ఫారం నింపాలి. గుర్తింపు, చిరునామా, ఫొటోలతో పాటు ఒంటికీ మనసుకీ ఆరోగ్యం బాగుందని డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. తుపాకీని జాగ్రత్తగా వాడటం, దాచటం నేర్పే శిక్షణ కూడా 2016 నిబంధనల్లో ఉంది. దాన్ని తప్పించుకునే దారులు వెతకకండి, మనకి అన్నిటికన్నా పనికొచ్చేది అదే.

"పోలీసులు ఇంటికొచ్చి ఎంక్వైరీ చేస్తే నలుగురూ ఏమనుకుంటారు?" అని బెంగ కదూ? పక్కింటి వాళ్ళకి మనమే ముందు ఒక మాట చెప్పేస్తే సరి, గుసగుసలకి చోటుండదు. "కాన్పయ్యాక దిగులుకి మందులు వాడాను, అదీ చెప్పాలా?" అంటారా? డాక్టరుకి చెప్పెయ్యండి. దిగులు పడటం నేరం కాదు. దరఖాస్తులో నిజం దాస్తే మాత్రం వచ్చిన లైసెన్సు కూడా రద్దవుతుంది. లైసెన్సు ఇవ్వం అన్నారనుకోండి, ఎందుకో రాసిమ్మని అడిగి, 30 రోజుల్లోపు అప్పీలుకి వెళ్ళొచ్చు.

ఆడవాళ్ళ కోసమని 2014లో కాన్పూరు ఆర్డినెన్సు ఫ్యాక్టరీ 'నిర్భీక్' అని .32 రివాల్వరు తెచ్చింది. అరకిలో పైచిలుకు బరువు, అప్పట్లోనే లక్షా ఇరవై వేలు దాటిన ధర. హ్యాండ్‌బ్యాగులో పడుతుంది సరే, ఆ బ్యాగులో బిస్కెట్ల కోసం రోజుకి ఎన్ని చిన్న చేతులు దూరుతాయో లెక్కేశారా?

మా పెద్దనాన్నకి జోడు గొట్టాల పన్నెండు బోరు తుపాకి ఉండేది. దసరాకి తుడిచి, బొట్టు పెట్టి, పీట మీద పడుకోబెట్టేవారు. తుపాకి ఒక పెట్టెలో, తూటాలు ఇంకో బీరువాలో, తాళంచెవి పెద్దమ్మ బొడ్లో. ఓ రోజు గట్టు తగాదాలో ఆయన ఊగిపోతూ ఇంటికొచ్చి "తాళంచెవి ఇవ్వవే" అన్నారు. పెద్దమ్మ కంచం పెట్టి, "ముందు అన్నం తినండి" అంది. తిన్నారు. మజ్జిగ పోసుకునేసరికి గొంతు తగ్గింది. కాసేపటికి గురక. ఆ గట్టు ఇప్పటికీ అక్కడే ఉంది, అవతలాయన మొన్న మా ఇంట్లో పెళ్ళికొచ్చి రెండు లడ్డూలు అడిగి మరీ తిన్నాడు.

అందుకే ఈ ఒక్క విషయంలో అక్కగా గట్టిగా చెబుతున్నాను. ఇంట్లో తాగి చెయ్యెత్తే మనిషున్నా, "ఎందుకీ బతుకు" అని నిట్టూర్చే మనిషున్నా, ఆ ఇంటికి తుపాకి వద్దు. ముందు ఆ మనిషి సంగతి చూద్దాం.

తుపాకి వచ్చాక పని అయిపోయిందనుకోకండి. 2019 సవరణతో లైసెన్సు అయిదేళ్ళదైంది, మనిషికి రెండు ఆయుధాలకి మించి కుదరదు. ఎన్నికలప్పుడు అప్పగించి రమ్మంటే స్టేషన్లో ఇచ్చి రావాలి. పెళ్ళి ఊరేగింపులో బావగారు సరదాపడి గాల్లోకి పేల్చి ఎవరికైనా ముప్పు తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. లైసెన్సు ఉన్న మనిషి పోతే తుపాకి ఇంట్లో ఉండకూడదు. పెద్దనాన్న దినాలు కాకముందే పెద్దమ్మ కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళి స్టేషన్లో అప్పగించింది. కావాలంటే వారసులు తమ పేరు మీద లైసెన్సుకి పెట్టుకోవచ్చు.

నిన్న చెల్లి మళ్ళీ ఫోన్ చేసింది. కంప్లైంట్ ఇచ్చిందట. మోటారు షెడ్డుకి లైటు పెట్టించిందట, పక్క తోట కాపలా తాతకి రాత్రుళ్ళు ఒక కేకెయ్యమని చెప్పిందట. "రాత్రి కాస్త నిద్ర పట్టిందక్కా. అయినా ఫారం నింపుతున్నా, 'ఎందుకు' అన్న చోట ఆగాను" అంది.

"ఆగు, తొందరేముంది? నీకు నిజంగా కావాలనిపిస్తే నింపు, నేనూ తోడొస్తాను. కానీ తాళంచెవి ఎవరి బొడ్లో ఉంటుందో ముందు అది చెప్పు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అత్తమ్మని అడుగుతా" అంది.