మానవశ్రమ – విద్యుచ్ఛక్తి – రిక్షాబండి

గుంటూరు, ఒంగోలు, చీరాల పట్టణములలో మిరపకాయల టిక్కీలను, ప్రత్తి మూటలను చేరవేయుటలో త్రొక్కుడు రిక్షాలు చిరకాలము సేవచేసినవి. ఎండలో చెమటోడ్చుచు పెడలు త్రొక్కు కార్మికుని చూచినపుడు విజ్ఞానశాస్త్ర విద్యార్థికి ఒక ప్రశ్న కలుగుట సహజము. ఆతని కాళ్ళబలముతో డైనమోను త్రిప్పి, ఆ విద్యుత్తుతో మోటారును నడిపి, బండిని లాగించరాదా? అట్లు చేసిన ఆతని శ్రమ తగ్గదా?

తీగచుట్ట వద్ద అయస్కాంతము కదలినపుడు విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే నిరూపించెను. సైకిలు డైనమో ఈ సూత్రముపైననే పనిచేయును. సాధారణముగా అది 6 వోల్టుల వద్ద 3 వాట్ల శక్తి నిచ్చును. దానిని చక్రమునకు ఆనించినంతనే త్రొక్కుట బరువగుట మనకందరకు అనుభవమే. దీపపు వెలుగు ఊరక వచ్చినది కాదు. మన కాళ్ళనుండియే వచ్చినది. శక్తిని సృష్టింప వీలులేదు, రూపమును మాత్రమే మార్చవచ్చును. మార్చిన ప్రతిసారి కొంత భాగము వేడిగా వ్యర్థమగును.

ఇక లెక్క చూతము. రిక్షా 80, మనిషి 55, రెండు టిక్కీలు 80, వెరసి 215 కిలోగ్రాములనుకొందము. చదునైన తారురోడ్డుపై చక్రముల నిరోధము బరువులో నూరవ వంతు అనుకొనిన, అది సుమారు 21 న్యూటనులు. గంటకు 10 కిలోమీటర్ల వేగమునకు చక్రము వద్ద 60 వాట్లు కావలెను. గొలుసు నూటికి 95 పాళ్ళు శక్తిని అందించును గనుక కార్మికుడు 63 వాట్లు ఇచ్చిన చాలును. గొలుసునకు బదులు డైనమో, మోటారు అమర్చి, ఒక్కొక్కటి నూటికి 80 పాళ్ళు అందించుననుకొనిన, చక్రమునకు చేరునది 64 పాళ్ళు మాత్రమే. అప్పుడు ఆతడు 94 వాట్లు ఈయవలెను. నడుమ బ్యాటరీని చేర్చిన నష్టము మరింత పెరుగును.

ఆరోగ్యవంతుడైన శ్రామికుడు దినమంతయు నిలుకడగా ఇయ్యగలది సుమారు 75 వాట్లు. అనగా అశ్వశక్తిలో పదవ వంతు. కావున 63 ఆతనికి సాధ్యము, 94 అసాధ్యము. శ్రమ తగ్గించుటకు తలపెట్టిన యంత్రము శ్రమను పెంచినదన్నమాట!

మరియొక సంగతి. 75 వాట్ల చొప్పున ఎనిమిది గంటలు త్రొక్కిన కలుగునది 0.6 యూనిట్లు, డైనమో నష్టము పోగా మిగులునది సుమారు అర యూనిటు. ఇందుకై శరీరము సుమారు 2,000 కిలోకాలరీల ఆహారశక్తిని వ్యయము చేయును. ఒక మనిషి దినమంతటి కష్టము కొద్ది రూపాయల విద్యుత్తునకు సమానమైనది! మానవదేహమును విద్యుత్కేంద్రముగా వాడుట ఎంత అన్యాయమో ఈ అంకెలే చెప్పుచున్నవి.

అట్లని విద్యుత్తు రిక్షాకు పనికిరానిదని కాదు. ఏబది మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎత్తు పెరుగు వంతెనపై అదే బండికి అదే వేగమున సుమారు 175 వాట్లు కావలెను. అందుకే కార్మికుడు దిగి బండిని నెట్టుచుండును. అచ్చట బ్యాటరీ మోటారు తోడ్పడిన ఆతని గుండెకు, మోకాళ్ళకు ఎంత ఊరట! దుర్గాపూర్‌లోని కేంద్ర యాంత్రిక ఇంజనీరింగు పరిశోధన సంస్థ రూపొందించిన 'సోలెక్‌షా' ఇట్టిదే. సూర్యరశ్మితో నింపిన బ్యాటరీ, పెడళ్ళు రెండును గల ఈ బండిని 2008లో ఢిల్లీలో ప్రవేశపెట్టిరి. జర్మనీకి చెందిన షెఫ్లర్ సంస్థ 2021లో గొలుసు లేకయే పెడలుతో డైనమోను త్రిప్పు సైకిలు ఏర్పాటును ప్రకటించెను. గొలుసు అమర్చుట కష్టమైన సరుకుబండ్లకు అది అనుకూలమే; కాని అచ్చటను ప్రధానభారము వహించునది బ్యాటరీయే. మన దేశమున 2015లో మోటారు వాహనముల చట్టమును సవరించి ఈ-రిక్షాలకు స్థానము కల్పించిరి.

కావున మన ఇంజనీర్లు వేసికొనవలసిన ప్రశ్న, మనిషినుండి విద్యుత్తును ఎట్లు పిండుదుమని కాదు. విద్యుత్తుతో మనిషి బరువును ఎట్లు దింపుదుమని. సూర్యరశ్మికి కొరతలేని మన మైదానములలో దీనికి సమాధానము వెదకుట భావి శాస్త్రజ్ఞులగు విద్యార్థులకు తగిన కార్యము.