ఆజ్ఞకో తీగ, పాటకో తీగ

అమెరికాలో ఎక్స్‌ఎం కంపెనీ 2001లో ఉపగ్రహ రేడియో ప్రసారాలు ప్రారంభించింది. 2003లో కంప్యూటరుకు తగిలించే చిన్న రిసీవరును అమ్మకానికి పెట్టింది. ఏంటెన్నా తీగ గాక దానికి మరి రెండు తీగలుండేవి. రెండెందుకో ఊహించగలరా? యూఎస్‌బీ తీగగుండా "ఫలానా ఛానెల్ పెట్టు" అన్న ఆజ్ఞ వెళ్ళేది. పాట పేరు, పాడినవారి పేరు అక్షరాలుగా తిరిగి వచ్చేవి. పాట మాత్రం ఆ దారిన రాదు! అది రెండవ తీగలో విద్యుత్ తరంగంగా వచ్చి, కంప్యూటరులోని సౌండ్ కార్డులో అంకెలుగా మారేది.

పేరు మారిందంటే పాట మారినట్లే గదా! ఈ కిటుకుతోనే 2004లో బయటివారు తయారుచేసిన టైమ్‌ట్రాక్స్ అనే ప్రోగ్రాము ఒక్కొక్క పాటనూ విడదీసి, పేరు పెట్టి దాచింది. రేడియోలో విన్నదాన్ని అలా దాచుకోవచ్చునా అని వివాదం రేగింది. ఆ ఏడాదే కంపెనీ ఆ రిసీవరు అమ్మకం ఆపివేసింది. ఔత్సాహికులు ఊరుకున్నారా? కార్లకోసం చేసిన ఎక్స్‌ఎం రిసీవరుకు తగిన కేబులు కట్టి, దాన్నే కంప్యూటరుకు కలిపారు.