పాల లారీకి కొత్త ఎగ్జాస్ట్ మానిఫోల్డు బిగించే విధానం

(సంఘాధ్యక్షులు, కార్యదర్శులు, మార్గ వాహనాల యజమానుల కొరకు పాఠం)

పితికిన పాలు వెచ్చగా ఉన్నంతసేపూ వాటిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతూనే ఉంటాయి. పాలు కూలరు చేరి 4 డిగ్రీలకు చల్లబడేవరకు ప్రతి నిమిషమూ విలువైనదే. దారిలో లారీ ఆగి పాలు విరిగితే ఆ మార్గంలోని సంఘాలన్నీ నష్టపోతాయి. కనుక లారీ మరమ్మతు గురించి కార్యదర్శికి కూడా కొంత తెలిసి ఉండాలి.

మానిఫోల్డు ఎందుకు పగులుతుంది?

ఇంజను సిలిండర్ల నుండి వచ్చే పొగను ఒకచోట చేర్చి సైలెన్సరు గొట్టానికి పంపేదే ఎగ్జాస్ట్ మానిఫోల్డు. సాధారణంగా ఇది పోత ఇనుముతో చేసినది. బరువు లాగేటప్పుడు పొగ వేడి 500 డిగ్రీలు దాటవచ్చు. రెండడుగుల పోత ఇనుము 450 డిగ్రీలు వేడెక్కితే సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. చల్లారితే మళ్ళీ కుదించుకుపోతుంది.

రామచంద్రపురం నుండి ద్రాక్షారామం, కోటిపల్లి వైపు సాగే దారుల్లో ఊరూరా ఆగుతూ పోయే పాల లారీ సంగతి చూడండి. ఆగినప్పుడల్లా ఇనుము కొంత చల్లారుతుంది, కదలగానే తిరిగి కాగుతుంది. ఈ సాగుడు, కుదింపుల వల్లనే పగుళ్ళు వస్తాయి. పైగా కాలువల సీమలోని తేమకు స్టడ్లు, నట్లు తుప్పుపట్టి బిగుసుకుంటాయి.

గుర్తులు

చల్లని ఇంజను స్టార్టు చేయగానే టిక్ టిక్ మని శబ్దం, మానిఫోల్డు అతుకు దగ్గర నల్లని మసి, క్యాబిన్‌లో పొగ వాసన. టర్బో ఉన్న ఇంజను అయితే లాగుడు కూడా తగ్గుతుంది. పొగ వాసనను తేలికగా తీసుకోకూడదు. అందులోని విషవాయువులు డ్రైవరుకు తలనొప్పి, మగత తెప్పిస్తాయి.

కొనేటప్పుడు

వాహన కంపెనీది కాక ఇతరులు తయారుచేసిన మానిఫోల్డు తక్కువ ధరకు దొరకవచ్చు. పాతది విప్పకముందే కొత్తదానిని పరీక్షించండి. కొత్త గాస్కెట్టును దాని ముఖంపై పెట్టి చూస్తే రంధ్రాలన్నీ సరిపోవాలి. ఉక్కు స్కేలు నిలువుగా ఆనించి, సందులో ఫీలర్ గేజి పెట్టి చదును చూడాలి. చివరి రంధ్రాలు స్టడ్డు కంటే కొంచెం పెద్దవిగా ఉంటే అది లోపమనుకోవద్దు. ఇనుము సాగడానికి వదిలిన చోటు అది. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.-6 వాహనాలకు పొగ మార్గంలో సెన్సర్లు ఉంటాయి. వాటికి ఆ ఇంజనుకు నిర్ణయించిన భాగమే వాడాలి.

బిగించే క్రమం

1. ఇంజను పూర్తిగా చల్లారనివ్వాలి. బ్యాటరీ నెగెటివ్ వైరు తీయాలి.

2. తుప్పు వదిలించే నూనెను ముందురోజు రాత్రే నట్లకు పట్టించాలి. బిగుసుకున్న నట్టును కొంచెం ముందుకు, కొంచెం వెనక్కు తిప్పుతూ వదిలించాలి. బలవంతం చేస్తే స్టడ్డు హెడ్డులోనే విరుగుతుంది. అప్పుడు గంట పని రెండు రోజులవుతుంది.

3. నట్లను చివరల నుండి మధ్యకు వదులు చేయాలి. టర్బోను విప్పితే దాని నూనె గొట్టాల మూతులు వెంటనే మూయాలి.

4. హెడ్డు రంధ్రాలను శుభ్రమైన గుడ్డతో మూసి, పాత గాస్కెట్టును గోకి తీయాలి. పాత రకాలలో రాతినార ఉండవచ్చు. తడిపి తీయండి, గాలితో ఊదవద్దు. పని కాగానే గుడ్డలన్నీ లెక్కపెట్టి తీయాలి.

5. సాగిన, తుప్పుపట్టిన స్టడ్లు మార్చి, కొత్త గాస్కెట్టు వేయాలి. ఈసారి నట్లను మధ్య నుండి చివరలకు, మూడు విడతలుగా టార్క్ రెంచితో బిగించాలి. ఎంత బిగించాలో ఆ ఇంజను పుస్తకంలో ఉంటుంది. అంతకు మించి బిగిస్తే ఇనుముకు కదిలే వీలుండదు.

6. డీజిలు పైపు, వైర్లు మానిఫోల్డుకు తగలకుండా చూసి, వేడి నిరోధక రేకును తిరిగి బిగించాలి. స్టార్టు చేసి శబ్దం వినాలి. ఒకసారి వేడెక్కి చల్లారాక, పుస్తకం వద్దనకపోతే, బిగింపు మళ్ళీ సరిచూడాలి.

సంఘం చేయవలసినది

ఉదయం ట్రిప్పుకూ సాయంత్రం ట్రిప్పుకూ మధ్యనున్న కొద్ది గంటల్లో ఈ పని ముగించమని డ్రైవరును తొందరపెట్టడం తగదు. ఆ తొందరలో వేడి ఇంజను మీదనే స్పానరు పడుతుంది, స్టడ్డు విరుగుతుంది, మర్నాటి పాలు కూడా ఆగుతాయి. సాయంత్రానికి మరో వాహనం ఏర్పాటు చేసి, ఆ తరువాతే లారీని మరమ్మతుకు పంపండి. ఒక పూట అద్దె ఎంతైనా, విరిగిన పాల ఖరీదుతో పోల్చి చూస్తే లాభమే తేలుతుంది.

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన మార్గపు లారీ మానిఫోల్డు అతుకు దగ్గర మసి ఉన్నదా? చివరిసారి ఎవరు చూశారు?

2. లారీ ఆగిన పూట పాలు చేరవేయడానికి ఏ వాహనం సిద్ధంగా ఉన్నది?

3. ఆ ఇంజను పుస్తకం మెకానిక్కు చేతిలో ఉన్నదా?