గడ్డి బీడుకు మనం పడిన బాకీ

తనిఖీకి వెళ్ళిన సంఘాలలో సభ్యులు తరచుగా చెప్పే మాట ఒకటున్నది. “అయ్యా, వెనుక నాలుగు ట్రాక్టర్ల ఎండుగడ్డి వచ్చిన బీడులో ఇప్పుడు రెండు కూడా రావటం లేదు. వానలు లేవు” అంటారు. వానల లోటు కొంత నిజమే. నేనూ ఒకప్పుడు విత్తనం మార్చమని సలహా ఇచ్చినవాడినే. కొత్త గడ్డి వేసిన బీడు కూడా మూడేళ్ళకు పలచబడ్డది. విత్తనం మారింది గాని మట్టి మారలేదు.

లెక్క చూడండి. ఎండుగడ్డిలో మాంసకృత్తులు 7 శాతం అనుకుంటే టన్నుకు 70 కిలోలు. అందులో నత్రజని సుమారు 11 కిలోలు. రెండు టన్నులు కోసి ఇంటికి చేర్చితే 22 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 21 కిలోలకు లోపే! భాస్వరం, పొటాష్ వేరే. పశువు తిన్న దానిలో చాలా భాగం పేడ, మూత్రంగా తిరిగి వస్తుంది. ఆ ఎరువు వరి మడికో మిరప చేనుకో పోతుంది గాని బీడుకు ఒక తట్ట కూడా చేరదు. జమ లేకుండా వాడకమే ఉన్న ఖాతా ఎన్నాళ్ళు నిలుస్తుంది? గడ్డి తగ్గినకొద్దీ దాణా కొనాలి. పాల బిల్లులో మిగులు తరిగిపోతుంది.

చేయవలసిన పనులు ఇవి:

1. వేసవిలో మట్టి పరీక్ష చేయించాలి. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్పలున్న చోట్లు వదలి, పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, బాగా కలిపి, అరకిలో పంపితే చాలు.

2. వాలుకు అడ్డంగా చిన్న గట్లు వేయాలి. వాన నీరు, పైమట్టి నిలుస్తాయి.

3. తొలకరికి ముందు మాగిన పశువుల ఎరువు, పరీక్ష ఫలితాన్ని బట్టి సూపర్ ఫాస్ఫేట్ వేయాలి.

4. యూరియాను నేల తడిగా ఉన్నప్పుడే, వాన పడే సూచన చూసి చల్లాలి. లేకుంటే నత్రజని గాలిలో కలిసిపోతుంది.

5. గడ్డి మధ్య స్టైలో చల్లాలి. ఇది పప్పుజాతి మొక్క. వేరు బుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని గ్రహిస్తుంది, మేతలో మాంసకృత్తులు పెంచుతుంది.

6. తొలకరి చిగురుపై పశువులను తోలరాదు. పూత దశలో కోసి ఆరబెట్టాలి.

ఒకేసారి బీడంతా చేయనక్కరలేదు. ఈ ఏడు అర ఎకరంలో చేసి, పక్క అర ఎకరం గడ్డితో తూచి చూడండి. రోజూ రెండు పూటలా పాలు కొలిచి వెన్న శాతం చూసే సంఘం, ఆ పాలకు మూలమైన మట్టిని ఏడాదికి ఒక్కసారైనా పరీక్షకు పంపరాదా? కార్యదర్శులు వచ్చే సమావేశంలో ఈ విషయం సభ్యుల ముందుంచవలసినదిగా మనవి.